కోఠీ గల్లీల్లో కాలినడక



ఈ పూట మీతో ఒక నడక గురించి మాట్లాడతాను. ఒక పేట చరిత్రను, అక్కడి కట్టడాలను, పదిమందితో కలిసి ఆగి ఆగి చూస్తూ, తెలిసినవారు చెబుతుంటే వింటూ సాగే నడక ఇది. ఇప్పుడు అందరూ దీన్ని హెరిటేజ్ వాక్ అంటున్నారు. చాలా నగరాల్లో ఆదివారం పొద్దున్నే ఇలాంటి నడకలు జరుగుతున్నాయి.

మన దేశంలో ఈ పద్ధతికి ఊపు తెచ్చిన నగరం అహ్మదాబాద్. 1997 నవంబరు 19న అక్కడి నగరపాలక సంస్థ ఒక నడకను మొదలుపెట్టింది. కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయలుదేరి, పాత పట్నం ఇరుకు వాడల మీదుగా జామా మసీదు దాకా వెళ్ళే దారి అది. ఆ వాడలను అక్కడివారు పోళ్ళు అంటారు. చెక్కడం పని ఉన్న చెక్క ఇళ్ళు, పక్షులకు గింజలు వేసే చబూత్రాలు, ఒక వాడలోంచి ఇంకో వాడలోకి దూరే దారులు, ఇవన్నీ ఆ ఊరివారికి రోజూ కనిపించేవే. అయినా బయటివారు వచ్చి నిలబడి చూడడం మొదలయ్యాక ఊరివారి చూపు కూడా మారింది. 2017లో యునెస్కో అహ్మదాబాద్‌ను ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే.

హైదరాబాద్‌లో నడక అనగానే అందరి మనసూ చార్మినార్ వైపు పోతుంది. అది సహజమే. చార్మినార్ నుంచి చౌమహల్లా దాకా నడిచేవారు ఎప్పటినుంచో ఉన్నారు. నేను మాత్రం మిమ్మల్ని మూసీకి ఉత్తరపు ఒడ్డుకు, కోఠీకి తీసుకువెళ్తాను. పాత పుస్తకాలకు, బట్టలకు, గాజులకు, బ్యాంకు పనికి, ఆసుపత్రికి మనలో చాలామంది కోఠీ వెళ్ళినవాళ్ళమే. బస్సు దిగి, పని చూసుకుని, మళ్ళీ బస్సెక్కి వచ్చేస్తాం. ఆ పేటలో ఒక్క పొద్దు తీరుబడిగా నడిస్తే తెలుగువారి చరిత్రలో ముఖ్యమైన ఘట్టం ఒకటి అర్థమవుతుంది. అది చదివితే తెలిసే విషయమే. కానీ ఎక్కడ జరిగింది, దేని పక్కన జరిగింది, ఎందుకు అక్కడే జరిగింది అన్నది కాళ్ళకే బాగా తెలుస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. పుస్తకం సంవత్సరాల వరసలో చెబుతుంది. వీధి ఇరుగుపొరుగు వరసలో చెబుతుంది. ఆ రెండో వరస తెలియాలంటే నడవడం తప్ప ఇంకో మార్గం లేదు.

బయలుదేరే చోటు బ్రిటిష్ రెసిడెన్సీ. కోఠీ మహిళా కళాశాల అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, వీరనారి చాకలి ఐలమ్మ పేరుతో ఉంది. లోపలికి వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఉత్తరం వైపు నుంచి చూస్తే ముందుగా మెట్లు కనిపిస్తాయి. మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు. పైన వరసగా ఆరు భారీ స్తంభాలు, వాటి తలల మీద ఆకుల చెక్కడం. ఆ స్తంభాల మీద నిలిచిన త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. ఇది లండన్‌లోనో రోమ్‌లోనో ఉండవలసిన ముఖద్వారంలా ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే మాత్రం పనితనం మన మేస్త్రీలదే. నున్నగా మెరిసేలా మెరుగుపెట్టిన మన సున్నపు పూత అది. పాలరాయి మెరుపును సున్నంతో రప్పించిన చేతులవి. ఆ మేస్త్రీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

కట్టడం 1803లో మొదలైంది. నమూనా గీసినవాడు శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజినీరు. కట్టించినవాడు అప్పటి రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. ఖర్చు నిజాముది. దీని మీద ఒక కథ వాడుకలో ఉంది. కిర్క్‌పాట్రిక్ తనకు కావలసిన స్థలం పటాన్ని పెద్ద కాగితం మీద గీయించి నిజాం ముందు పెట్టాడట. నిజాం వెంటనే కాదన్నాడట. తన రాజ్యం పటం కూడా ఇంత పెద్దది లేదే, ఇంత భూమి ఎలా ఇస్తానన్నది ఆయన భావమట. తర్వాత అదే స్థలాన్ని చిన్న కార్డు మీద గీసి చూపిస్తే సరేనన్నాడట. నిజమెంతైనా, 1798లో కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదిరాక హైదరాబాద్‌లో ఎవరి మాట చెల్లుబాటయ్యేదో ఈ భవనాన్ని చూస్తే తెలుస్తుంది. నగర ప్రాకారం బయట, నదికి ఇవతలి ఒడ్డున, నిజాం సొమ్ముతో, నిజాం మీద అజమాయిషీ చేసేవాడికి ఇల్లు. రాజకీయ శాస్త్రం పుస్తకంలో ఒక అధ్యాయం పట్టే విషయాన్ని ఆ మెట్ల కింద నిలబడి పైకి చూస్తే ఒక్క నిమిషంలో గ్రహిస్తాం.

కిర్క్‌పాట్రిక్ ఈ నగరపు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కోసం ఈ ఆవరణలోనే జనానా, అంటే అంతఃపురం, కట్టించాడు. పరదా పాటించే ఆమె పెద్ద భవనం చుట్టూ తిరిగి చూసే వీలు లేదు కనుక, భవనం నమూనాను చిన్నదిగా కట్టించి జనానా తోటలో పెట్టించాడని చెబుతారు. జనానా ఎప్పుడో పోయింది. ఆ చిన్న నమూనా మిగిలింది. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నీసా 1813లో, ముప్పై ఏళ్ళు కూడా నిండకుండానే కన్నుమూసింది. 1949లో ఈ భవనానికి ఆడపిల్లల కళాశాల వచ్చింది. ఒకనాడు ఒక స్త్రీ బయటికి వచ్చి చూడలేని భవనంలోనే వేలాదిమంది అమ్మాయిలు డిగ్రీలు చదువుకున్నారు. భవనం బాగా దెబ్బతిన్నాక, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మరమ్మతు సాగింది.

ఇప్పుడు పడమటి వైపు బయటికి వద్దాం. పుత్లీబౌలి వైపు ఉన్న ఈ రోడ్డు మీద బస్సుల రద్దీ ఎప్పుడూ తగ్గదు. ఇక్కడ ఒక్క ఐదు నిమిషాలు ఆగాలి. 1857 జూలై 17న మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వంలో రొహిల్లా యోధులు, వారి వెంట నగర ప్రజలు రెసిడెన్సీ మీదికి దండెత్తి వచ్చింది ఇక్కడికే. రెసిడెన్సీ గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్ అనే ఇద్దరికి పెద్ద ఇళ్ళు ఉండేవి. దాడికి వచ్చినవారు ఆ రెండు ఇళ్ళను పట్టుకుని అక్కడినుంచి కాల్పులు జరిపారు. అటునుంచి ఫిరంగులు మోగాయి. రాత్రంతా పోరు నడిచింది. తెల్లవారేసరికి దాడి విఫలమైంది. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. తుర్రేబాజ్ ఖాన్ ఒకసారి జైలు నుంచి తప్పించుకున్నాడు. చివరికి 1859లో తూప్రాన్ దగ్గర ఆయనను చంపి, శవాన్ని నగరంలో జనం చూసేలా వేలాడదీశారు.

1857 గురించి మన పిల్లలు మీరట్, ఢిల్లీ, ఝాన్సీ, కాన్పూర్ అని చదువుతారు. పాఠంలో హైదరాబాద్ ఉంటే ఒక వాక్యం ఉంటుంది. ఆ గోడకూ ఎదురింటికీ మధ్య ఎంత దూరమో కళ్ళతో చూసినవాళ్ళకు ఆ వాక్యం అలా మిగిలిపోదు. ఒక రోడ్డు వెడల్పు. ఇటువైపు ఒక పక్షం, అటువైపు ఇంకో పక్షం. నడకలో పిల్లలు ఉంటే నేను వాళ్ళను రోడ్డుకు ఈ చివర నిలబెట్టి, అటు గోడ చూపించి, ఈ సంగతి చెబుతాను. ఆ తర్వాత వాళ్ళు అడిగే ప్రశ్నలు బడిలో అడిగేవి కావు. ఇంటివాళ్ళు ఏమయ్యారు, వాళ్ళకు ఇష్టమేనా, పొరుగువాళ్ళు ఎక్కడ దాక్కున్నారు అని అడుగుతారు. చరిత్రలో మామూలు మనుషులు కూడా ఉంటారని వాళ్ళకు అక్కడే మొదటిసారి తోస్తుంది.

ఇక సుల్తాన్ బజార్. దీని సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. రెసిడెన్సీ చుట్టూ పెరిగిన ఈ బజార్లను ఆ రోజుల్లో రెసిడెన్సీ బజార్లు అనేవారు. ఇక్కడ నిజాం కోర్టులకు, పోలీసులకు అధికారం లేదు. రెసిడెంటు అధికారమే నడిచేది. అందువల్ల వడ్డీ వ్యాపారులు, సాహుకార్లు, నగల వర్తకులు ఇక్కడ స్థిరపడ్డారు. నిజాం ప్రభుత్వానికే అప్పులిచ్చి, 1820ల్లో దివాలా తీసిన పామర్ కంపెనీ రెసిడెన్సీ నీడలోనే వ్యాపారం చేసింది. మార్వాడీలు, గుజరాతీలు, మహారాష్ట్రులు, కన్నడిగులు, తెలుగువారు పక్కపక్కన ఇళ్ళు కట్టుకున్నారు. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం ప్రభుత్వం కిందికి వచ్చాయి. సుల్తాన్ బజార్ అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది.

ఈ బజారును చూడాలంటే ఆదివారం ఏడు గంటలకు రావాలి. షట్టర్లు దించి ఉంటాయి. తోపుడుబండ్లు ఇంకా రావు. అప్పుడు తల పైకెత్తండి. నేల అంతస్తు అంతా ఈనాటిది, గాజు తలుపులు, మెరిసే బోర్డులు, బొమ్మలకు తొడిగిన చీరలు. రెండో అంతస్తు దగ్గర కాలం మారిపోతుంది. ముందుకు పొడుచుకు వచ్చిన బాల్కనీలు, వాటిని మోసే ఇనుప బ్రాకెట్లు, సున్నంతో పోసిన పూలతీగలు, అర్ధచంద్రాకారపు కిటికీల్లో రంగు అద్దాలు. కొన్నిటి మీద కట్టిన సంవత్సరం కూడా ఉంటుంది. ఒక బాల్కనీ కటకటాలను దగ్గరగా చూడండి. పోత ఇనుములో ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ వస్తుంది, మధ్యలో మాత్రం ఒక ముక్క చేత్తో వంచిన ఇనుపకడ్డీ. ఎప్పుడో పోత ముక్క విరిగితే, అలాంటిది దొరక్క, ఊళ్ళోని కమ్మరి ఆ తీగ ఒంపును సాధ్యమైనంత దగ్గరగా వంచి బిగించాడు. కట్టినవాళ్ళ శ్రద్ధ పోతలో ఉంది. కాపాడినవాళ్ళ శ్రద్ధ ఆ వంచిన కడ్డీలో ఉంది.

అలా తల ఎత్తి చూస్తున్న మమ్మల్ని చూసి ఒక బట్టల దుకాణం పెద్దాయన షట్టరు సగం ఎత్తి, "ఏం చూస్తున్నరు సార్ పైన?" అని అడిగారు. చెప్పాం. ఆయన రోడ్డు మీదికి వచ్చి మాతో పాటు నిలబడి చూశారు. "మా నాయిన ఉన్నప్పుడు పైన మేమే ఉంటుంటిమి సార్. ఇప్పుడు గోదాము చేసినం. ఆ కిటికీలకెల్లి ఊరేగింపులు చూస్తుంటిమి" అన్నారు. తర్వాత ఏ కుటుంబం ఏ ఇంట్లో ఉండేది, ఏ ఇల్లు ఎప్పుడు చేతులు మారింది ఆయనే చెప్పుకుంటూ పోయారు. ఆ నడకకు అప్పటినుంచి గైడు ఆయనే. ఇలాంటి పెద్దలు ప్రతి వీధిలో ఉంటారు. అడిగేవారు లేకనే వాళ్ళు చెప్పరు.

దగ్గరలోనే గడియార స్తంభం, ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. ఆనాటి రెసిడెన్సీ ఆసుపత్రి ఇక్కడిదే. డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ మహిళను ఇక్కడ తలచుకోవాలి. ఆమె 1889లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదువు ముగించారు. శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇవ్వడంలో నిపుణురాలయ్యారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తువైద్యుల్లో ఆమెను లెక్కిస్తారు. మత్తుకు వాడే క్లోరోఫాం మీద ప్రపంచం గమనించిన పరిశోధనలు 1888, 1889 ప్రాంతంలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఈ నగరంలోనే జరిగాయి. రెసిడెన్సీ ఆసుపత్రిలోనూ, నగరంలోని ఇతర ఆసుపత్రుల్లోనూ రూపాబాయి పనిచేశారు. ఇవాళ ఆ వీధిలో కాన్పుకోసం వచ్చే తల్లుల్లో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? గోడ మీద ఒక చిన్న ఫలకం పెడితే చాలు, తెలుస్తుంది.

ఇప్పుడు మనం అసలు చోటికి వచ్చాం. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901 సెప్టెంబరు 1న, ఇక్కడికి దగ్గరలోని రామకోటిలో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో ఇది మొదలైంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు, మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు గారు, ఆదిపూడి సోమనాథరావు గారు ఇందులో ముందు నిలిచారు. నిజాం రాజ్యంలో తెలుగువారు పెట్టుకున్న మొదటి ప్రజా గ్రంథాలయం ఇదే. రాజ్యంలో తెలుగు మాట్లాడేవారే ఎక్కువ. అయినా కచేరీ భాష ఉర్దూ, చదువు భాష ఉర్దూ. పట్నంలో ఒక తెలుగు పుస్తకం కావాలంటే దొరికే చోటు లేదు. ఆ లోటు తీర్చడానికి పుట్టిన సంస్థ ఇది. రంగారావు గారు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు ఇచ్చిన విరాళం తోడ్పాటుతో 1921లో దీనికి సొంత భవనం వచ్చింది. 1906లో లక్ష్మణరావు గారు హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి, చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు, జీవిత చరిత్రలు తెలుగులో అచ్చువేయించారు.

గ్రంథాలయం ముందు నిలబడి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. రెసిడెన్సీ నుంచి ఇక్కడికి నడిచి వచ్చాం కదా. ఎంత దూరం? పిల్లలతో నడిచినా అలసట రాని దూరం. సభలు పెట్టుకుంటే, సంఘాలు పెట్టుకుంటే ప్రభుత్వం అనుమానంగా చూసే కాలంలో, నిజాం పోలీసులు అంతగా చేయి చాచలేని పేట ఇది. హైదరాబాద్‌లో ఆర్యసమాజం శాఖ 1892లో సుల్తాన్ బజార్‌లోనే మొదలైంది. సాహుకార్లకు రక్షణ ఇచ్చిన ఆ ఏర్పాటే, చేసినవాళ్ళు ఊహించని విధంగా, పుస్తకానికీ సభకూ కూడా చోటు ఇచ్చింది. గ్రంథాలయోద్యమం గురించి నేను చాలా చదివాను. కానీ అది ఈ పేటలోనే ఎందుకు మొలకెత్తింది అన్న ప్రశ్నకు జవాబు ఈ నడకలోనే స్పష్టమైంది.

ఇంకో ఘట్టం ఉంది. జాంబాగ్ దగ్గర వివేకవర్ధిని విద్యాసంస్థ. మహారాష్ట్ర పెద్దలు 1907లో స్థాపించారు. 1921 నవంబరులో అక్కడ నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభికులు కొందరు గేలిచేసి, అల్లరి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం తెలుగువారి గుండెకు తగిలింది. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొందరు సమావేశమై ఆంధ్రజన సంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు, మందుముల నరసింగరావు గారు ఆ తరంవారు. ఆ సంఘమే పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన, ఆంధ్రమహాసభగా నిలిచింది. మాడపాటి వారు 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టారు. తెలంగాణ తెలుగువారి ఆత్మగౌరవ చరిత్రలో ఈ పేర్లన్నీ మనకు తెలుసు. కానీ అవమానం జరిగిన హాలు, సంఘం పుట్టిన పేట, పుస్తకాలు పెట్టుకున్న భవనం, బడి కట్టిన వీధి అన్నీ ఒక్క ఉదయంలో నడిచి చుట్టి రాగల దూరంలో ఉన్నాయని ఎంతమందికి తెలుసు? వాళ్ళు ఒకరికొకరు నడిచి వెళ్ళగలిగినవాళ్ళు. సాయంత్రం సభలో దెబ్బ తగిలితే రాత్రికి సంఘం పుట్టగలిగింది అందుకే.

ఇంత విలువైన పేటలకు రక్షణ ఎంత? 1995లో నగరాభివృద్ధి నిబంధనల్లో వారసత్వ కట్టడాల కోసం ఒక ప్రత్యేక నిబంధన చేర్చి, జాబితా తయారుచేశారు. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఏ చట్టమైనా జాబితాలో ఉన్న కట్టడాన్నే చూస్తుంది. జాబితాలో లేని ఇల్లు ఒక వారంలో నేలమట్టమైతే అడిగేవారు ఉండరు. సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వస్తుందన్నప్పుడు అక్కడి వ్యాపారులు ఏళ్ళ తరబడి అభ్యంతరం చెప్పారు. చివరికి మెట్రో వచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి రైళ్ళు నడుస్తున్నాయి. నగరానికి రైలు కావాలి, అందులో సందేహం లేదు. దారి ఎటు పోవాలో నిర్ణయించే రోజున, ఈ వీధిలో ఏముందో చెప్పగల మనుషులు వందల్లో ఉండాలి. అలాంటి మనుషులను తయారుచేసేది ఈ నడకలే.

కూల్చడం కంటే నెమ్మదిగా జరిగే నష్టం ఒకటుంది. దాన్ని కూడా నడకలో చూపించవచ్చు. పాత ఇళ్ళు సున్నంతో కట్టినవి. ఇసుక, సున్నం కలిపి గానుగలో వేసి ఎద్దులతో రుబ్బించేవారు. చాలాచోట్ల బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కూడా కలిపేవారు. ఆ సున్నపు గోడ వాన నీటిని కొంత పీల్చుకుంటుంది, ఎండకు తిరిగి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. లోపలే నిలిచి ఉప్పు పొంగుతుంది, పొర ఊడుతుంది, లోపలి సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. గోడ బాగుచేద్దామని మంచి మనసుతో చేసిన పనే గోడను తినేస్తుంది. సుల్తాన్ బజార్‌లోనే ఒక గోడ మీద సిమెంటు పెచ్చు ఊడినచోట వేలుతో తాకి చూడండి. పైది రాయిలా గట్టిగా ఉంటుంది, కిందది పిండిలా చేతికి వస్తుంది. ఈ ఒక్క విషయం తెలిసిన ఇంటి యజమాని తర్వాత మరమ్మతు చేయించేటప్పుడు సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతుక్కుంటాడు.

ఇక మీ ఊళ్ళో ఇలాంటి నడక పెట్టుకోవాలంటే ఏం చేయాలి? నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. మనుషులు పదిహేను, ఇరవై మందికి మించకూడదు. మించితే వీధి మనది కాదన్నట్టు ప్రవర్తిస్తాం, వెనకున్నవారికి మాట వినబడదు. కిలోమీటరు, కిలోమీటరున్నర దూరం చాలు, రెండు గంటలు పడుతుంది. ఆదివారం పొద్దున మంచిది. ఒకరి ఇంటి ముందు ఆగినప్పుడు ఆ ఇంటివారిని పలకరించి, అనుమతి అడిగి, ఆ తర్వాతే ఫొటో తీయాలి. గుడి, మసీదు, చర్చి వేళలు ముందే కనుక్కోవాలి. మీరు చెప్పే ప్రతి సంగతికీ ఆధారం ఉండాలి. జనం నోట ఉన్న కథ అయితే కథ అనే చెప్పాలి. మనం చెప్పినదాన్ని పిల్లలు నిజమని రాసుకుంటారు. దారిలో ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ అందరూ చూసినవి మాట్లాడుకుంటే నడకలో సగం విలువ అక్కడే వస్తుంది.

ఇది పెద్ద నగరాల వ్యవహారం అనుకోకండి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఇప్పటికీ ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన తన మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు అది. ఆయన ఇంటినుంచి టౌన్‌హాలుకు, అక్కడినుంచి గౌతమీ గ్రంథాలయానికి, గోదావరి గట్టుకు ఒక పొద్దున నడిచి వెళ్ళవచ్చు. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. ఆ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆ ఊరి చేనేత వీధుల మీదుగా గ్రంథాలయం దాకా నడిస్తే ఒక చిన్న ఊరు ఇంత పెద్ద పుస్తక భాండాగారాన్ని ఎలా నిలబెట్టుకుందో అర్థమవుతుంది. మీ ఊళ్ళో ఏముందో నాకంటే మీకే బాగా తెలుసు. రైల్వే క్వార్టర్లు ఉండవచ్చు, పాత జిన్నింగ్ మిల్లు ఉండవచ్చు, వందేళ్ళ బడి ఉండవచ్చు, ఒక దిగుడుబావి ఉండవచ్చు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సంవత్సరంలో ఒక్క రోజు పిల్లలను బడి చుట్టుపక్కల వీధుల్లో నడిపించండి. ఒక్కో జట్టుకు ఒక్కో ఇల్లు ఇవ్వండి. ఆ ఇంట్లో పెద్దలను అడిగి, ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, దేనితో కట్టారు, ఇంతకుముందు అక్కడ ఏముండేది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకురమ్మనండి. రాసిన కాగితాలను కుట్టించి మీ ఊరి గ్రంథాలయంలో పెట్టండి. ఊరి పెద్దల్లో ఎనభై దాటినవారు చాలామంది ఉన్నారు. వాళ్ళకు తెలిసినది ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళ తర్వాత మనం అడగడానికి ఎవరూ ఉండరు.

నడిచి చూసిన వీధి మీద మనకు ఒక హక్కు, దానితో పాటు ఒక బాధ్యత వస్తాయి. పేరు తెలిసిన ఇల్లు కూలబోతుంటే మనం ఊరుకోం. ఎవరు కట్టారో తెలిసిన గోడ మీద పోస్టరు అంటించడానికి చేయి రాదు. ఎందుకు పుట్టిందో తెలిసిన గ్రంథాలయానికి చందా కట్టాలనిపిస్తుంది. నూట ఇరవై ఏళ్ళ క్రితం రామకోటిలో ఒక ఇంటి గదిలో పుస్తకాలు సర్దినవారు మనలాంటి మామూలు మనుషులే, ఆ ఇరుగుపొరుగువారే. ఈ ఆదివారం మీ పేటలో ఒక దారి ఎంచుకోండి, ఇద్దరు ముగ్గురిని పిలవండి, ఒక పెద్దవారిని వెంటబెట్టుకోండి, నోటుపుస్తకం పట్టుకోండి. వచ్చే ఆదివారం ఇంకో వీధి. మీ ఊరి చరిత్ర రాయవలసిన బాధ్యత మీ ఊరివారిదే.